కొండను వెనక్కి తిప్పిన పిన్నిగారు

పందొమ్మిది వందల తొంభై మూడవ సంవత్సరం జూన్ నెల పద్నాలుగవ తేదీ, సోమవారం ఉదయం పది గంటల వేళ, మన టీవీ కేంద్రంలోని పిల్లల కార్యక్రమాల విభాగంలో ఉత్తరాలు చదివే ఉద్యోగినిగా ఇరవై ఆరేళ్ళ యువతి ఒకరు చేరారు. హాజరుపట్టీలో ఆమెకొక పేరున్న మాట నిజమే గానీ, ఆ పేరు పెట్టి పిలిచినవారు ఈ ముప్పైరెండేళ్ళలో ఒక్కరైనా కనబడరు. చేరిన నెల తిరగకుండానే, గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన మొదలుకొని కేంద్రం అధిపతి వరకు అందరికీ ఆమె పిన్నిగారైపోయారు. "నీ వయసేమిటి, నా వయసేమిటి తాతా? నేను నీకు పిన్నినెలా అయ్యాను?" అని ఒకనాడు ఆమె కాపలాదారును నిలదీస్తే, "నోటికలా వచ్చేసిందమ్మా. ఇప్పుడు మార్చాలంటే నలుగురు ఆఫీసర్ల సంతకాలు కావాలి, పోనిద్దురూ" అని ఆయన చేతులు జోడించారట. ఆ సంతకాలు నేటికీ కాలేదు. ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నది ఆ పిన్నిగారే.

మేడ మీద వరండా చివర, ఎత్తైన కిటికీ ఒక్కటే ఉన్న గదిలో ఆమె తొలి తొమ్మిదేళ్ళూ గడిచాయి. సంచులకొద్దీ వచ్చే పిల్లల ఉత్తరాలను ఆమె ఒక్కొక్కటిగా చదివి, ప్రతిదానికీ స్వదస్తూరితో జవాబు రాసేవారు. కార్యక్రమం అయిపోయాక తోలుబొమ్మలు ఎక్కడ పడుకుంటాయని ఒక పాప అడిగిన ఉత్తరం ఆ రోజుల్లోనే వచ్చింది. అవి నిజానికి ఒక మేకుకు వేలాడుతూ ఉండేవి. ఆ సంగతి రాయడానికి పిన్నిగారికి చేతులు రాలేదు. ఆ సాయంత్రమే బీరువాలో ఒక అర ఖాళీ చేసి, చేతిరుమాళ్ళు పరిచి, బొమ్మలను వరుసగా పడుకోబెట్టి, ఆ తరువాతే "అరలో పడుకుంటాయమ్మా, గుర్రం బొమ్మ మాత్రం గోడవైపు" అని జవాబు రాశారు. మరుసటి వారం నుంచి కార్యక్రమం చివర ఆ నిద్రపోతున్న బొమ్మలను ఒక్క నిమిషం, మాటా పాటా లేకుండా చూపించడం ఆనవాయితీ అయింది. ఆ నిమిషంలో తమ పిల్లలు కూడా కునుకు తీస్తున్నారని ఎందరో తల్లులు రాశారు.

అనంతరం ఆమెను కథా విభాగానికి మార్చారు. పుస్తకాలలోని కథలను టీవీకి అనువుగా మలిచే ఆ పనిలో ఆమెది ఒక విలక్షణమైన పద్ధతి. ముందు పుస్తకం చదివేవారు, పూర్తయ్యాక మూసి బల్ల మీద పెట్టేవారు, దాని అట్ట మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, టీ చల్లారిపోయినా కదలకుండా అలా ఉండిపోయేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆమె నిద్రపోతున్నారనుకునేవారు. "పుస్తకం తెరిచి రాస్తే మాటలే వస్తాయర్రా. మూసి రాయాలి. మూసినాక కళ్ళ ముందు ఏది మిగిలిందో అదే బొమ్మకు పనికొచ్చేది" అనేవారు పిన్నిగారు. ఆ పద్ధతిలో ఆమె తయారుచేసిన కథలు పదిహేనేళ్ళలో అరవైకి పైగా ప్రసారమయ్యాయి. ఒక్కదానికీ వంక పెట్టినవారు లేరు.

ఆమె జీవితంలోని మహత్తర ఘట్టం తెరచాప కొండ. పిల్లల కోసం ఒక రచయిత్రిగారు ఏడు పుస్తకాలుగా రాసిన ఆ కథ ఎరుగని ఇల్లు లేదు. ఊరి చివర ఒక కొండ ఉంటుంది. గాలి దిశ మారిన సాయంత్రం దాని శిఖరం మీద తెరచాప ఒకటి దానంతటదే విచ్చుకుంటుంది. అప్పుడా కొండ నేల విడిచి, నిండు ఓడలా, చప్పుడు లేకుండా కదిలిపోతుంది. ఒక అక్కా, ఆమె చిట్టితమ్ముడూ దాని మీద ఎక్కి, పుస్తకానికొక దేశం చొప్పున తిరుగుతారు. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే, మిగిలినవాళ్ళు మిగిలినట్టే. ఆ కొండ ఎవరి కోసమూ ఆగదు, వెనక్కి తిరగదు. పిన్నిగారు ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఈ పుస్తకాలు ఆమె చేతికి వచ్చాయి. అందుకే ఆ ఏడింటినీ ధారావాహికగా తీయాలని కేంద్రం నిర్ణయించినప్పుడు, అందరికీ కొత్త ప్రతులు పంచిపెట్టినా, ఆమె తన ప్రతిని బీరువాలో పెట్టేశారు. "నాకెందుకండీ, నాకు కంఠతా వచ్చు" అన్నారు.

పెద్ద షెడ్డులో కొండ లేచింది. కర్రలూ, గుడ్డా, అట్టముక్కలూ కలిపి వడ్రంగి మేస్త్రిగారు దాన్ని చక్రాల మీద కట్టారు. పన్నెండు మంది నెడితే కదిలేది. పొగ యంత్రం తిప్పగానే తెల్లటి మంచు నేలంతా పరుచుకుని, మనుషుల మోకాళ్ళు మాయమై, అందరూ మబ్బులో నడుస్తున్నట్టే ఉండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక లైట్లు ఆర్పేస్తే, పైకప్పు సందులలోంచి పడే ఎండగీతల కింద, పనివాళ్ళు ఆ కొండ మీదే ఎక్కడివాళ్ళక్కడ ఒరిగి నిద్రపోయేవారు. అలా చూసినవారెవరూ, అది కర్ర కొండని ప్రమాణం చేసి చెప్పలేకపోయేవారు.

మూడు పుస్తకాల చిత్రీకరణ ముగిసి నాలుగోది మొదలయ్యే వేళకు కథా విభాగంలో టైపు చేయడానికి ఒక అమ్మాయి వచ్చింది. తొమ్మిదో తరగతితో చదువు ఆగిన మనిషి. భర్త పగలంతా బస్సు నడుపుతారు. నాలుగు నెలల బిడ్డను చూసే దిక్కు ఇంట్లో లేక, చంకనేసుకునే వచ్చింది. ఈ వ్యాసం రాస్తున్నది ఆమే. వరండాలో బూట్ల చప్పుడు వినబడితే చాలు, ఆమె బిడ్డ మీద పైట కప్పేసేది. రెండో రోజే పిన్నిగారు సెట్టు కోసం తెప్పించిన పెద్ద బుట్టలో మెత్తటి గుడ్డలు వేసి బల్ల పక్కన పెట్టించారు. ఆఫీసులోకి పిల్లలను తేకూడదన్న నియమం ఉందని కార్యక్రమ అధికారి గుర్తుచేస్తే, "ఇది పిల్లల విభాగమండీ. ఒక్క పిల్లయినా లేకపోతే సిగ్గుపడాలి గానీ" అన్నారు. బిడ్డ నిద్రపోతుంటే టైపు చప్పుడు కూడా తగ్గించి కొట్టమనేవారు.

నాలుగో పుస్తకంలో తమ్ముడు మంచు మైదానంలో దారి తప్పుతాడు. గాలి మారుతుంది, కొండ కదులుతుంది, పిల్లవాడు కిందే ఉండిపోతాడు. పిన్నిగారు రాసిన దృశ్యంలో, పోతున్న కొండ ఆ పిల్లవాడి కోసం వెనక్కి తిరిగింది. ఆ కాగితాలు చూసి మేస్త్రిగారు గదిలోకి వచ్చేశారు.

"పిన్నిగారూ, ముందుకే పోతుందంటే ముందుకే చక్రాలు బిగించాను. ఇప్పుడు తిప్పమంటే ఎట్లాగండీ? ఇది కొండ, రిక్షా కాదు."

"కొండ మనసు కరిగింది మేస్త్రిగారూ."

"దాని మనసు కరిగితే నా నడుం విరిగేట్టుందండీ!"

అయినా పదకొండు రోజులు కష్టపడి తిరిగే చక్రాలు అమర్చారు. ఆ దృశ్యం తీసిన రోజు పన్నెండు మందీ కొండను నెట్టారు. పాలమీగడలాంటి మంచులో అంత కొండా మెల్లమెల్లగా, ఏదో గుర్తుకొచ్చినట్టుగా ఇటు తిరిగింది. లైట్లబ్బాయి అని మనం పిలిచే యాభై ఏళ్ళ పెద్దమనిషి తుండుగుడ్డతో ముఖం కప్పుకున్నారు. పుస్తకంలో అలా ఉందా అని ఎవరూ చూసుకోలేదు. పిన్నిగారు రాశాక మళ్ళీ పుస్తకం తెరిచే అలవాటు దర్శకుడు కూడా మానుకుని చాలాకాలమైంది.

ఒక గురువారం ఉదయం, ఎనభై రెండేళ్ళ రచయిత్రిగారు చేతికర్ర సాయంతో వచ్చి, చిన్న హాలులో కూర్చుని నాలుగో భాగం చూశారు. ఆమె అభిప్రాయాలు రాసుకోవడానికి టైపు అమ్మాయి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని వెనక బెంచీ మీద ఉంది. లైట్లు వెలిగాక రచయిత్రిగారు ఇటు తిరిగి కూర్చున్నారు.

"చాలా బాగుంది," అన్నారు. "కానీ ఇది నా కొండ కాదు. నా కొండ వెనక్కి తిరగదు. పిల్లలు ఎక్కే తొందరంతా అందుకేగా? తిరిగొచ్చే కొండైతే మిగిలిన మూడు పుస్తకాలకూ అర్థమే లేదు. అవి మీకివ్వను."

అరవై మంది పని ఆ ఒక్క మాటతో గాలిలో వేలాడింది. కార్యక్రమ అధికారి చప్పున లేచారు. "టైపులో పొరపాటండీ," అన్నారు, చెయ్యి వెనక బెంచీ వైపు చూపిస్తూ. "చదువు మధ్యలో ఆగిపోయిన అమ్మాయి. పైగా బిడ్డని ఒళ్ళో వేసుకుని కొడుతుంది. ఏ కాగితం ఎందులో కలిపేసిందో ఏమో. ఇవాళే పంపించేస్తాం."

తానే ఏదో కాగితం అటూ ఇటూ చేసి ఉంటానని ఆ అమ్మాయికి నిజంగానే తోచింది. భయపడటం అలవాటైనవాళ్ళకు చేయని తప్పు కూడా చేసినట్టే గుర్తుకొస్తుంది. ఆ ఉద్యోగం పోతే ఏమవుతుందో లెక్కవేసుకునే ధైర్యం కూడా లేక, బిడ్డ కాలివేళ్ళు పట్టుకుని కూర్చుంది.

"టైపు తప్పేం కాదండీ. పుస్తకంలో అలాగే ఉంది," అన్నారు పిన్నిగారు, ఎంతో నిశ్చింతగా. బీరువాలోని కొత్త ప్రతిని తెప్పించారు. దాని మీది ప్లాస్టిక్ కాగితం కూడా ఊడదీయలేదు. ఊడదీసి, చివరి పుటలు తిప్పి, చదివారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివారు.

అందులో కొండ వెనక్కి తిరగలేదు. నింద మోయడానికి మనిషి అప్పటికే దొరికింది. పుస్తకం మూసేసి ఊరుకుంటే ఇరవై ఆరేళ్ళ సేవకు చిన్న మరక కూడా అంటేది కాదు. పిన్నిగారు లేచి నిలబడ్డారు.

"తప్పు నాది. ఈ అమ్మాయి నేను రాసింది అక్షరం పొల్లు పోకుండా కొట్టింది. ఎవరినైనా పంపించాలంటే నన్ను పంపించండి," అన్నారు.

"ఆ ముగింపు ఎక్కడ చదివావు అమ్మాయీ?" అని అడిగారు రచయిత్రిగారు.

"నేను చదవలేదండీ. ఏడేళ్ళప్పుడు మా అక్కయ్య చదివి వినిపించింది. ఆ తర్వాత చివరి రెండాకులూ ఊడిపోయాయి."

"పిలు మీ అక్కయ్యని."

ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న అక్కయ్యగారికి అక్కడికక్కడే ఫోను కలిపి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టారు.

"ఏమే, డ్యూటీలో ఉండగా చేశావ్? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదక్కా. నాలుగో పుస్తకం చివర కొండ వెనక్కి తిరిగిందని చదివావు కదూ?"

"ఇప్పుడెందుకే ఆ గొడవ?"

"చదివావా, లేదా?"

"చదవడానికి ఆకులుంటే కదే! ఎలుక కొట్టేసింది. పిల్లాడు మంచులో ఉండిపోయాడని నువ్వేమో ఎక్కిళ్ళు పెట్టి ఏడుపు. మధ్యాహ్నం నిద్రపోతున్న అమ్మ లేచిందంటే నా వీపు చిట్లుతుంది. అందుకని పుస్తకం అడ్డం పెట్టుకుని నోటికొచ్చింది చదివేశాను. కొండ తిరిగొచ్చి ఎక్కించుకుందన్నాను. ఠక్కున ఏడుపు ఆపావు."

"మరి ఆకులు తర్వాత ఊడాయన్నావు?"

"ఒక అబద్ధానికి ఇంకోటి తోడు కావాలిగా! యాభై ఏళ్ళకు కనిపెట్టావు, ఏం తెలివే తల్లీ!"

హాలంతా నవ్వింది. రచయిత్రిగారు మాత్రం నవ్వలేదు. "మీ అక్కయ్య మంచి మనిషి," అన్నారు లేస్తూ. "అయినా సరే, నా కొండ తిరగదు. సోమవారం వస్తాను. అప్పటికి సరిచేసి వినిపిస్తే సరే. లేకపోతే ఇంతటితో ఆపేయండి."

ఆ మూడు రోజులూ పిన్నిగారు తన పాత పద్ధతిని పక్కన పెట్టారు. పుస్తకం తెరిచి టైపు అమ్మాయి చేతికిచ్చి, "పైకి చదువమ్మా, నేను వింటాను" అన్నారు. ఆమె ఒత్తుల దగ్గర తడబడేది, సిగ్గుపడి ఆగేది. పిన్నిగారు తొందరపెట్టేవారు కాదు, అందించేవారు కాదు, ఊరికే కిటికీ వైపు చూస్తూ ఆగేవారు. అలా చదువుతూ చదువుతూ ఎలుక కొట్టిన పుటలకు వచ్చారు. కొండ పోతోంది. తమ్ముడు మంచులో నిలుచుండిపోయాడు, అడుగు పడటం లేదు. "అక్క చివరి మెట్టు మీద నిలబడి ఏదో అరిచింది. ఏమని అరిచిందో గాలి వినపడనివ్వలేదు." తరువాతి వాక్యంలో పిల్లవాడు నడిచి వచ్చి మెట్టెక్కేశాడు.

టైపు అమ్మాయి చదవడం ఆపేసింది. "ఏమని అరిచిందండీ?" అంది.

బుట్టలో బిడ్డ నిద్రలో పెదవులు చప్పరిస్తోంది. కిటికీలోంచి పడిన ఎండ బల్ల దాటి, నేల దాటి, గోడ ఎక్కింది. "మా అక్కయ్య ఏమంటుందో అదే," అని, పిన్నిగారు కలం అందుకున్నారు.

సోమవారం నాడు ఆ గదిలోనే, రచయిత్రిగారిని కుర్చీలో కూర్చోబెట్టి, కొత్త దృశ్యాన్ని టైపు అమ్మాయి చేతనే చదివించారు. అందులో కొండ ఆగదు, తిరగదు, క్షణమైనా వేచి ఉండదు. మంచులో అక్క గొంతు ఒక్కటే వినబడుతుంది: "ఒరేయ్, కొండ ఆగిందిరా! నీ కోసమే ఆగింది. కంగారుపడి పడిపోకు, నాకేసి చూస్తూ రా." ఆగని కొండ మీద నిలబడి, ఏడుపు గొంతులోనే అణచుకుని, ఆమె ఆ మాటే అంటూ ఉంటుంది. తమ్ముడు నమ్ముతాడు. నమ్మాడు కనుక అడుగు వేస్తాడు, అడుగు మీద అడుగు వేస్తాడు. చెయ్యి అందాక గానీ కొండ కదులుతూనే ఉందని వాడికి తెలియదు.

రచయిత్రిగారు చేతికర్ర మీద గడ్డం ఆనించి వింటున్నారు. "ఇది పుస్తకంలో లేదు," అన్నారు.

"లేదండీ. పుస్తకంలో గాలి ఉంది."

ఆవిడ ముఖం మీద అప్పుడొక మందహాసం కనబడింది. "ఆ పిల్ల చేత ఏమనిపించాలో తోచక గాలి మీదికి తోసేశానమ్మా. ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. కానివ్వండి, మిగిలిన మూడూ మీవే."

మేస్త్రిగారు ఆ కబురు విని నడుం మీద చేతులు పెట్టుకున్నారు. "అయితే కొండ తిరగక్కర్లేదా? పదకొండు రోజులండీ పిన్నిగారూ, పదకొండు రోజులు!" "విప్పడానికెన్ని?" అని ఈవిడ అడిగితే, "మీ ముఖం చూసి ఒక్క పూట" అన్నారు. కార్యక్రమ అధికారి ఆ మధ్యాహ్నమే స్వయంగా టైపు బల్ల దగ్గరకు వచ్చి, "తొందరపడ్డానమ్మా" అన్నారు. వారి అనుమతితోనే ఈ సంగతి ఇక్కడ రాయడమైనది.

అనంతర కాలంలో పిన్నిగారు పుస్తకం మూసి రాసే పద్ధతిని మానలేదు. కానీ రాసిన ప్రతి దృశ్యాన్నీ సాయంత్రం నాలుగింటికి మూలగ్రంథంతో పోల్చి, పైకి చదివించుకోవడం నియమంగా పెట్టుకున్నారు. ఆ చదివే పని టైపు అమ్మాయిదే. ఆ విధంగా బడి ఆగిపోయిన మనిషి ఏడు పుస్తకాలు ఆమూలాగ్రం చదివింది, ఒత్తులు నేర్చింది, గత సంవత్సరం నుంచి కథా విభాగంలో పఠన సహాయకురాలిగా నియమితురాలైంది. నాలుగేళ్ళ శ్రమతో ఏడవ భాగం పూర్తయి ప్రసారమైంది. అక్క అరిచిన ఆ మాటను తమ పిల్లలు ఆటల్లో అంటున్నారని ఉత్తరాలు వస్తే, పిన్నిగారు వాటిలో ఒకటి మడిచి అక్కయ్యగారికి పంపించారు. "ఎలుక్కి కూడా ఒకటి పంపు" అని జవాబు వచ్చింది.

తప్పెవరిదన్న ప్రశ్న ఏ ఆఫీసులోనైనా ఏదో ఒక పూట పుడుతూనే ఉంటుంది. అది వినగానే గుండె జారిపోయే మనిషి కూడా ఏదో ఒక బెంచీ చివర కూర్చునే ఉంటుంది. ఆ గురువారం పిన్నిగారు పుస్తకం మూసేసి ఉంటే, ఒక తల్లి బిడ్డను చంకనేసుకుని గేటు దాటి వెళ్ళిపోయి, తాను చేయని తప్పును తానే చేశాననుకుంటూ మిగిలిన జీవితం గడిపి ఉండేది. ఆ సంగతి ఆ తల్లికి తెలుసు. పిన్నిగారికి గుర్తుందో లేదో తెలియదు, ఎన్నడూ ఎత్తలేదు.

మోకాళ్ళు నొప్పి పెట్టకుండా, చూపు మందగించకుండా, మధ్యాహ్నాలు హాయిగా కునుకు తీస్తూ, సాయంత్రాలు అక్కయ్యగారితో తీరిగ్గా పేచీలు పెట్టుకుంటూ, పిన్నిగారు పరిపూర్ణ ఆరోగ్యంతో చిరకాలం వర్ధిల్లాలని కేంద్రంలోని అందరి తరఫునా ఆకాంక్షిస్తున్నాము. ఆనాడు ఒళ్ళో ఉన్న బిడ్డ ఇప్పుడు ఒకటో తరగతి. ఈ కాగితాలు చూసి, పిన్నిగారికి ఏమని రాశావని తల్లిని అడిగింది. చాలా ఏళ్ళు చల్లగా ఉండమని రాశానంటే, "చాలా అంటే ఎన్నో సరిగ్గా రాయి, తక్కువ ఇచ్చేస్తారు" అంది. కనుక రాస్తున్నాము: ఇప్పటికి గడిచిన యాభై ఎనిమిదికి తోడు మరో యాభై ఎనిమిది. అందులో ఒక్క రోజు కూడా తగ్గడానికి వీల్లేదు.